టెనెట్: టైమ్‌ని తిప్పిన సినిమాకి టైమే కలిసిరాలేదు



వికటకవి అన్న మాట ఎటు నుంచి చదివినా ఒకటే అని చిన్నప్పుడే విన్నాం కదా. ఇవాళ్టి సినిమా పేరు కూడా అంతే. ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, టెనెట్. ఇటలీలోని పాంపేయీ శిథిలాల్లో ఐదు లాటిన్ మాటలతో చెక్కిన ఒక చదరం దొరికింది. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే మాటలు: సాటోర్, అరెపో, టెనెట్, ఒపెరా, రోటాస్. క్రిస్టఫర్ నోలన్ ఈ ఐదింటినీ సినిమాలో వాడేశాడు. విలన్ పేరు సాటోర్, మొదటి సీన్ ఒపెరా హౌస్‌లో.

కథలో అసలు పాయింట్ ఎంట్రోపీ. టీలో పాలు పోస్తే కలిసిపోతాయి, మళ్లీ వాటంతట అవి విడిపోవు. టైమ్ ముందుకే వెళ్తోందని మనకి తెలిసేది ఇలాంటి వాటి వల్లే. ఆ దిశని తిప్పేసే మెషీన్ ఉంటే? తూటా గోడలోంచి ఊడి తుపాకీలోకి వచ్చేస్తుంది. ఇదే ఇన్వర్షన్. దీన్ని తెర మీద చూపించడానికి నటులు వెనక్కి నడవడం, వెనక్కి కొట్టుకోవడం ప్రాక్టీస్ చేశారు. గ్రాఫిక్స్‌కి బదులు నిజమైన బోయింగ్ 747 కొని గుద్దించారు. 2019లో ముంబైలో కూడా షూటింగ్ జరిగింది, డింపుల్ కపాడియా కీలకమైన పాత్ర చేశారు. ఖర్చు 20 కోట్ల డాలర్ల పైమాటే.

రిలీజ్ డేట్ 2020 జులై 17. అప్పటికి కోవిడ్ వచ్చేసింది. డేట్ జులై 31కి, తర్వాత ఆగస్టు 12కి జరిగింది. చివరికి ఆగస్టు 26న కొన్ని దేశాల్లో, సెప్టెంబర్ 3న అమెరికాలో వదిలారు. అప్పటికి న్యూయార్క్, లాస్ ఏంజిలస్‌లో థియేటర్లు ఇంకా తెరవనే లేదు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 36 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో థియేటర్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు తీసేస్తే లాభం కాదు, నష్టమే.

మన దగ్గరికి డిసెంబర్ 4న వచ్చింది, తెలుగు డబ్బింగ్‌తో సహా. నేనప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. హైదరాబాద్‌లో సీటు వదిలి సీటు, మాస్కు పెట్టుకుని చూశాను. బయల్దేరుతుంటే అమ్మ ఒకటే అడిగింది, "సినిమా కోసం ఇంత రిస్క్ అవసరమా నాన్నా?" నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది నెలల తర్వాత పెద్ద తెర చూసి కళ్లు చెమర్చిన మాట నిజం. తిరిగొచ్చాక వారం పాటు అమ్మకి దూరంగా వేరే గదిలో ఉన్న మాటా నిజం.

సరిగ్గా ఆ ముందు రోజే అమెరికాలో వార్నర్ బ్రదర్స్ ఒక ప్రకటన చేసింది. 2021లో వచ్చే తన సినిమాలన్నీ అక్కడ థియేటర్‌తో పాటు అదే రోజు హెచ్‌బీఓ మ్యాక్స్‌లోనూ వస్తాయని. నోలన్ బహిరంగంగానే మండిపడ్డాడు. ఏళ్ల బంధం తెంచుకుని తర్వాతి సినిమాకి యూనివర్సల్‌కి వెళ్లిపోయాడు.

చూడండి, సినిమా ఒకటే, ఇద్దరు నేర్చుకున్న పాఠాలు మాత్రం వేరు. కంపెనీ జనం ఇంట్లోనే చూస్తారు అనుకుంది. నోలన్ మాత్రం వచ్చిన టైమ్ తప్పు, తెర తప్పు కాదు అనుకున్నాడు. 2023 జులైలో ఓపెన్‌హైమర్ వచ్చింది. మూడు గంటల సినిమా, ఎక్కువ భాగం మాటలే. థియేటర్లు నిండాయి, 7 ఆస్కార్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో టెనెట్‌ని కూడా మళ్లీ ఐమాక్స్‌లో వేశారు.

అంటే 2020లో నోలన్ చేసింది కరెక్టా? థియేటర్ మీద నమ్మకం వరకు కరెక్టే అంటాను. కానీ ఆ నమ్మకానికి రిస్క్ తీసుకుంది మాత్రం టికెట్ కొన్న మనమూ, టార్చ్ పట్టుకుని సీటు చూపించిన స్టాఫూ. ఆ లెక్క బాక్సాఫీసు నంబర్లలో కనిపించదు.

ఇంకొక్క మాట. థియేటర్‌లో నాకు సగం డైలాగులు వినిపించలేదు. తర్వాత ఫోన్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తేనే కథ అర్థమైంది. కానీ ఆ విమానం గోడని గుద్దినప్పుడు సీటు అదిరిందే, అది మాత్రం ఫోన్‌లో మళ్లీ దొరకలేదు.

మీరు దీన్ని ఎక్కడ చూశారు? కింద రాయండి. ఉంటా మరి.