కడప కింద గని: ఘుగ్గుస్‌లో ఒక దర్వాజ వెడల్పు

ఇళ్ల చరిత్ర రాసేవారు వీధి వాకిలికి ఇచ్చినంత చోటు లోపలి దర్వాజకు ఇవ్వరు. వీధి వాకిలికి ముగ్గు, తోరణం, పసుపు రాసిన గడప ఉన్నాయి. గదికీ గదికీ నడుమ ఉన్న దర్వాజ సంగతి వేరు. బీరువా కొన్నా, పెద్దవారికి చక్రాల కుర్చీ అవసరమైనా మొదట వెడల్పు చేసేది దానినే. ఈ చిన్న పనిని ఘుగ్గుస్‌లో పెట్టి చూస్తే ఆ ఊరి చరిత్ర కొంత బోధపడుతుందని మా అభిప్రాయం.

ఘుగ్గుస్ మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, వార్ధా లోయలో ఉన్న బొగ్గు ఊరు. ఈ లోయలో వరోరా గనిని ప్రభుత్వం 1871లో తెరిచింది. అది 1906లో మూతపడినా లోయలో బొగ్గు పని ఆగలేదు. 1973లో బొగ్గు గనుల జాతీయకరణ జరిగింది. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఏర్పడింది. తెలుగు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇదే జిల్లాలోని రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. తెలంగాణ తెలుగులో ద్వారబంధాన్ని దర్వాజ అనీ, గడపను కడప అనీ అంటారు. మరాఠీలో అవే చౌకట్, ఉంబర్ఠా. రెండు భాషల నడుమ పెరిగే విద్యార్థులు రెండు జతల మాటలనూ నిలుపుకోవాలి.

దర్వాజ పైనున్న ఇటుకల బరువును లింటెల్ మోసి రెండు పక్కల గోడకు అప్పగిస్తుంది. ఆ బరువు ముక్కోణాకారంలో పడుతుందని లెక్క. రెండున్నర అడుగుల దర్వాజను మూడున్నర అడుగులు చేస్తే వెడల్పు 1.4 రెట్లే అవుతుంది. కాని ముక్కోణం బరువు దాదాపు రెండింతలు, లింటెల్‌ను వంచే ప్రభావం సుమారు 2.7 రెట్లు అవుతాయి. పై అంతస్తు ఉంటే దాని భారం అదనం. అందుకే తెలిసిన మేస్త్రీ మొదట పైభారానికి ఆసరా కొయ్యలు పెడతాడు. కొత్త లింటెల్ కొనలను ఇరువైపులా కనీసం ఆరంగుళాలు గోడలోకి కూర్చి, అది గట్టిపడిన తరువాతనే కింది ఇటుకలు తీస్తాడు.

బొగ్గు బాయిలోనూ ఇదే న్యాయం. దారులు తవ్వుతూ, పైకప్పును మోయడానికి బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు దారి వెడల్పు 4.8 మీటర్లు మించరాదన్నాయి. దారి వెడల్పయినకొద్దీ, గని లోతయినకొద్దీ స్తంభం పెద్దదిగా ఉండాలన్నాయి. ఖాళీ ఎంత ఉండవచ్చునో పక్కన మిగిలినదే నిర్ణయిస్తుంది. బాయిలో పనిచేసినవారికి ఇది పుస్తకం చెప్పనక్కరలేని సంగతి.

2022 ఆగస్టు 26న ఘుగ్గుస్‌లోని అమరాయి వార్డులో ఒక ఇల్లు ఉన్నట్టుండి పదుల అడుగుల లోతుకు కుంగిపోయింది. ఇంటివారు బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. అక్కడ నేల కింద ఉన్నది ఆంగ్లేయుల కాలం నాటి, మూతపడిన భూగర్భ గని. చుట్టుపక్కల కుటుంబాలను వేరేచోటికి తరలించవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ గోడ తొలచలేదు. తొలచినది కిందనే, తరాల కిందట.

గోడలో ఎంత మిగల్చాలో ఇంటివారి చేతిలో ఉంది. నేల కింద ఎంత మిగిలిందో వారి చేతిలో లేదు. గనిని విడిచిపెట్టేటప్పుడు దాని నక్షాను గనుల భద్రతా అధికారులకు అందజేయాలన్న నిబంధన ఉంది. ఆ నక్షా ఊరివారి కంటికీ అందాలి. గోడలో పగులు కనబడినప్పుడు అది లింటెల్ చలవా, నేల చలవా అని అడిగే హక్కు వారికుంది. బొగ్గు ఊళ్ల చరిత్ర రాయదలచిన మన విద్యార్థులు కూలీల వలసల లెక్కలతో ఆగక, ఇంటి నక్షాను గని నక్షా మీద పరిచి చూడాలని మేము కోరుతున్నాం.