డిజిటల్ పౌరసత్వ బోధన సాధనాల మూల్యాంకనం: చరిత్ర విద్యార్థి దృష్టితో

ఆధారాల విమర్శ మీకు కొత్త కాదు. ఒక శాసనం చేతికి వస్తే దాన్ని ఎవరు వేయించారు, ఎప్పుడు వేయించారు, ఎవరి ప్రయోజనం కోసం వేయించారు, అందులోని మాట వేరే ఆధారంతో సరిపోతుందా అని అడగడం మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నారు. ఫోనులోకి వచ్చే సమాచారాన్ని కూడా ఇలాగే పరీక్షించడం విద్యార్థులకు నేర్పాలన్న ఉద్దేశంతో గత రెండు దశాబ్దాలలో ఎన్నో పాఠ్యక్రమాలు, ఆటలు, ప్రశ్నావళులు వచ్చాయి. ఈ పాఠంలో మనం వాటిని నేర్చుకోబోవడం లేదు. అవి పనిచేశాయా, ఆ సంగతి ఎలా తెలిసింది అన్నదే ఇక్కడ మన ప్రశ్న.

చరిత్రకారులు తడబడిన పరీక్ష

2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చికో ప్రాంగణంలో గ్రంథాలయాధికారిగా ఉన్న సారా బ్లేక్‌స్లీ 'క్రాప్' అనే ప్రశ్నావళిని ప్రచురించారు. సమాచారం తాజాదేనా, మన అవసరానికి తగినదేనా, రాసినవారికి అర్హత ఉందా, అందులో ఖచ్చితత్వం ఉందా, రాసిన ఉద్దేశం ఏమిటి అన్న అయిదు అంశాలను గుర్తుపెట్టుకోవడానికి ఆ పేరు వీలుగా ఉండేది. అనేక కళాశాలల గ్రంథాలయాలు దీన్ని స్వీకరించాయి. అయితే విద్యార్థి ఈ ప్రశ్నలకు జవాబులను సాధారణంగా ఆ పేజీలోనే వెతుక్కునేవాడు. అచ్చు పుస్తకానికి ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. గ్రంథాలయం బీరువాలోకి చేరేలోపే పుస్తకం ఎవరో ఒకరి వడపోత దాటి వస్తుంది. వెబ్‌సైటుకు అలాంటి వడపోత లేదు. హుందాగా కనిపించే పేరు, చిహ్నం, చిరునామా ఎవరైనా సమకూర్చుకోవచ్చు.

ఈ లోపాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో బయటపెట్టారు. వారు 45 మందిని తీసుకున్నారు: డాక్టరేటు ఉన్న చరిత్రకారులు 10 మంది, వృత్తిరీత్యా వార్తల నిజనిర్ధారణ చేసేవారు 10 మంది, స్టాన్‌ఫర్డ్ డిగ్రీ విద్యార్థులు 25 మంది. వీరికి ఇచ్చిన పనులలో ఒకటి రెండు శిశువైద్య సంస్థల వెబ్‌సైట్లను పోల్చడం. వాటిలో ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద వృత్తిసంఘం. రెండోది దాని నుంచి విడిపోయిన కొందరు 2002లో పెట్టుకున్న చిన్న బృందం. పేర్లు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. నిజనిర్ధారకులు పేజీని పూర్తిగా చదవలేదు. కొద్దిసేపట్లోనే అందులోంచి బయటికి వచ్చి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికి తేల్చుకున్నారు. చరిత్రకారులలో, విద్యార్థులలో చాలామంది పేజీలోనే ఉండిపోయి, దాన్ని శ్రద్ధగా చదివి మోసపోయారు. నన్ను కూర్చోబెట్టినా అంతే జరిగేదని ఒప్పుకోవాలి. చేతికొచ్చిన పత్రాన్ని చివరిదాకా చదవడం మా తరానికి నేర్పిన క్రమశిక్షణ.

పేజీ వదిలి పక్కకు వెళ్లే ఈ పద్ధతిని తరువాత పాఠాలుగా మలిచారు. అమెరికాలోని ఒక పట్టణ పాఠశాలల పరిధిలో 499 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. కొన్ని తరగతులకు 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పి, మిగిలిన తరగతులకు మామూలు బోధనే కొనసాగించి, ముందూ తరువాతా అందరికీ పరీక్ష పెట్టారు. పాఠాలు విన్నవారు ఎక్కువ ప్రగతి చూపారు. 'పాఠం నచ్చిందా' అని అడిగి వదిలేయకుండా, ఇంటర్నెట్ ముందు కూర్చోబెట్టి పని చేయించారని గమనించండి.

తెలియడం వేరు, చేయడం వేరు. గూగుల్ సంస్థ 2017లో పిల్లల కోసం తెచ్చిన 'బీ ఇంటర్నెట్ ఆసమ్' పాఠ్యక్రమాన్ని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించారు. పిల్లలకు కొన్ని కొత్త భావనలు తెలిశాయి, సమస్యను ఎదుర్కోగలమన్న నమ్మకం పెరిగింది. ఆన్‌లైన్ ప్రవర్తనలో మాత్రం ఆశించిన మార్పు కనిపించలేదు.

బీహార్‌లో రెండు ప్రయోగాలు

మన దేశానికి సంబంధించి అత్యంత విలువైన ఆధారం బీహార్ నుంచి వచ్చింది. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ అక్కడ 1,224 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు సిబ్బంది వెళ్లి, ఫొటో అసలు ఎక్కడిదో వెతికే పద్ధతి వంటివాటితో సుమారు గంటసేపు శిక్షణ ఇచ్చారు. తరువాత కొలిచి చూస్తే, అబద్ధపు వార్తను గుర్తించే శక్తి మొత్తం మీద పెరగలేదు. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, శిక్షణ పొందిన ఒక పార్టీ మద్దతుదారులు తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాలను గుర్తించడంలో ఇంకా వెనుకబడ్డారు. ఈ ఫలితం 2021లో ప్రచురితమైంది.

'ఇక్కడి జనానికి ఇవన్నీ ఎక్కవు' అని తీర్పు చెప్పేవారికి ఇది మంచి సాకు. అలా చెప్పడం తొందరపాటు. ఆమె మరికొందరు పరిశోధకులతో కలిసి అదే రాష్ట్రంలో 583 గ్రామాలలో, 13,500 మందికి పైగా పాఠశాల విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. ఈసారి బోధన 14 వారాలపాటు విడతలుగా, తరగతి రూపంలో సాగింది. నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేసే శక్తి స్పష్టంగా పెరిగింది. నాలుగు నెలల తరువాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. పిల్లల ద్వారా తల్లిదండ్రులకు సైతం కొంత చేరింది.

మరి తేడా ఎక్కడ వచ్చింది? వ్యవధి అని వెంటనే అనాలనిపిస్తుంది. అయితే రెండింటి మధ్య మారింది వ్యవధి ఒక్కటే కాదు. మొదటిదానిలో ఉన్నవారు ఓటర్లు, రెండోదానిలో విద్యార్థులు. ఒకటి ఎన్నికల వేడిలో ఇంటి గుమ్మం దగ్గర జరిగింది, మరొకటి తోటివారి మధ్య తరగతిలో జరిగింది. ఇన్ని కారణాలు కలిసి మారినప్పుడు ఒక్కదానికే ఫలితాన్ని అంటగట్టడం చరిత్ర రచనలో ఎంత తప్పో ఇక్కడా అంతే. నా అభిప్రాయంలో వ్యవధి ముఖ్యమే. కానీ దాన్ని నిరూపించాలంటే అదే వయసువారికి, అదే చోట, ఒక బృందానికి గంట, మరొక బృందానికి 14 వారాలు చెప్పి చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక ఉన్నత పాఠశాలలో డిజిటల్ పౌరసత్వంపై ఒక పూట అవగాహన సదస్సు జరిగిందనుకోండి. 'విద్యార్థులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు, 200 మందికి ధ్రువపత్రాలు ఇచ్చాం, కార్యక్రమం విజయవంతం' అని నివేదిక వచ్చింది. ఈ నివేదికను ఒక చారిత్రక ఆధారంగా భావించి, దాని నుంచి ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో 15 వాక్యాలలో రాయండి. ఇంకా ఏ ఆధారాలు అడుగుతారో, వాటిని ఎవరి దగ్గర అడుగుతారో కూడా చేర్చండి.