పైథాన్ ఎవరి పేరున ఉంది?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను దింపుకుంటే దానితోపాటే ఒక లైసెన్సు పత్రం వస్తుంది. కోడు రాసేవాళ్లు కూడా దాన్ని తెరవడం అరుదు. తెరిస్తే ఓ పట్టిక కనిపిస్తుంది: ఏ వెర్షన్, ఏ ఏడాది, యజమాని ఎవరు. ఇల్లు కొనేముందు లాయరు తిరగేసే లింకు డాక్యుమెంట్ల లాంటిదే అది. పదేళ్లలో నాలుగు పేర్లు!

మొదటిది ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ. అక్కడి ఉద్యోగి గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో అందరికీ విడుదల చేశాడు. 1995లో అమెరికా వెళ్లి వర్జీనియాలోని సీఎన్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో చేరితే భాషా ఆయన వెంటే వెళ్లింది. 2000 మేలో జట్టుతో సహా బీఓపెన్ అనే స్టార్టప్‌కు మారాడు. డాట్‌కామ్ బుడగ పగులుతున్న రోజులవి. అక్టోబరుకల్లా అక్కడినుంచీ బయటికి వచ్చేశారు.

ఈ తిరుగుళ్ల మధ్య ఒక చిక్కు. 1.6 వెర్షన్ లైసెన్సులో వర్జీనియా చట్టమే వర్తిస్తుందని సీఎన్‌ఆర్‌ఐ ఓ షరతు రాసింది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే జీపీఎల్ లైసెన్సుకు పొసగదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అడ్డుచెప్పింది. ఆ ముడి విప్పడానికి 1.6.1 అనే మరో వెర్షన్ తేవాల్సి వచ్చింది. జీతమిచ్చే కంపెనీ మారినప్పుడల్లా భాషకు కొత్త యజమాని వస్తే, ఇలాంటి పంచాయితీలకు అంతేముంటుంది?

2001 మార్చిలో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో పైథాన్ సదస్సు జరుగుతుండగా పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను ప్రకటించారు. హక్కులను ఒకచోట భద్రంగా ఉంచడమే ఈ లాభాపేక్షలేని సంస్థకు తొలి పని. ఏప్రిల్‌లో వచ్చిన 2.1 నుంచి యజమాని గడిలో దాని పేరే. తర్వాత గైడో గూగుల్, డ్రాప్‌బాక్స్, మైక్రోసాఫ్ట్‌లలో పనిచేశాడు. 2018లో భాష పెత్తనమూ వదులుకున్నాడు. ఆ గడి మాత్రం కదల్లేదు.

భాషలో ఏం చేర్చాలో ఫౌండేషన్ చెప్పదు, అది డెవలపర్ల పని. పైపీఐ అనే ప్యాకేజీల భాండాగారం నడపడం, దేశదేశాల్లో సదస్సులకు గ్రాంట్లివ్వడం, ట్రేడ్‌మార్కు కాపాడుకోవడం దీని వంతు. చప్పని పనులే అనిపిస్తాయి. కానీ 2013లో ఓ బ్రిటన్ కంపెనీ ఐరోపాలో ‘పైథాన్’ పేరును తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోయింది. ఆ పేరు తమదేనని చూపే ఆధారాలు పంపమని ఫౌండేషన్ వాడుకదారులను కోరింది. కొన్ని వారాల్లోనే ఆ కంపెనీ వెనక్కి తగ్గింది.

డబ్బు సంగతా, అంతంతే. 2025 నాటికి పద్నాలుగు మంది సిబ్బంది, ఏడాదికి సుమారు 50 లక్షల డాలర్ల బడ్జెట్. అలాంటి సంస్థ ఆ ఏడాది అక్టోబరులో, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సిఫారసు చేసిన 15 లక్షల డాలర్ల గ్రాంటును వద్దనుకుంది. పైథాన్, పైపీఐల భద్రతను పటిష్ఠం చేయడానికి ఉద్దేశించిన సొమ్మది. వైవిధ్యం, సమానత్వం, అందరికీ చోటు వంటి కార్యక్రమాలను ప్రోత్సహించబోమని ఒప్పుకోవాలన్నది షరతు. గ్రాంటుతో నడిచే పనికే కాదు, సంస్థ మొత్తానికీ అది వర్తిస్తుంది. షరతు తప్పితే, ఇచ్చినవాళ్లు అప్పటికే ఖర్చయిన డబ్బునూ తిరిగి రాబట్టుకోవచ్చు. లైసెన్సులో ఒక్క షరతు తెచ్చిన తిప్పలు చూసిన భాష కదా, ఈసారి సంతకానికి ముందే చదువుకున్నారు.