ఎడారి ఏనుగు ఎవరిది?

నమీబియా వాయవ్య భాగాన, రాళ్ళూ ఇసుకా తప్ప మరేమీ లేనట్టు కనిపించే నేలమీద ఒక విడిది వున్నది. పేరు దమారాలాండ్ క్యాంప్. దూరదేశాల ధనికులు వచ్చి అక్కడ బసచేసి, ఎడారి ఏనుగుల్ని చూసి మురిసిపోతారు. నేనక్కడికి వెళ్ళినవాణ్ణి కాను, చదివి తెలుసుకున్నవాణ్ణి. కాని ఆ విడిది అందాన్ని వర్ణించి, అది నిలిచిన నేల చరిత్రను వదిలేసే రచనలు సగం నిజమే చెబుతున్నాయని నా అభిప్రాయం.

1964లో ఓడెండాల్ కమిషన్ నమీబియా ప్రజల్ని జాతులవారీగా విడదీసి, తలా ఒక ‘స్వదేశం’ కేటాయించాలన్నది. అప్పటి పాలకులు దక్షిణాఫ్రికా జాత్యహంకారులు. దమారాలాండ్ అలా గీసిన గీతల మధ్య పుట్టింది. 1973-74లో దక్షిణాఫ్రికాలోని రీమ్వాస్మాక్ ప్రజల్ని ఊళ్ళు ఖాళీ చేయించి, కొందరిని తెచ్చి యిక్కడ దించారు.

చట్టం కూడా మనిషి రంగు చూసే నడిచింది. శ్వేతజాతి భూస్వామి తన కంచెలోని వన్యమృగాన్ని వేటాడవచ్చు, దానిమీద డబ్బు చేసుకోవచ్చు. ఉమ్మడి భూముల్లోని ఆఫ్రికన్ అదే మృగాన్ని కొడితే దొంగ! ఏనుగు తోట తొక్కినా, చిరుత మేకను ఎత్తుకుపోయినా నష్టం అతనిది. మృగం మాత్రం సర్కారుది. అటువంటి మృగంమీద మమకారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయినా 1980లలో, కరువూ దొంగవేటా కలిసి మృగాల్ని తుడిచిపెడుతున్నప్పుడు, కాపాడటానికి పూనుకున్నది ఆ జనమే. గార్త్ ఓవెన్-స్మిత్ తోడ్పాటుతో గ్రామపెద్దలు తమ మనుషుల్నే కాపలాదార్లుగా నియమించారు. 1990లో స్వాతంత్ర్యం వచ్చింది. 1996 చట్టసవరణ, సంఘంగా ఏర్పడి సరిహద్దులు తేల్చుకున్న గ్రామీణులకు వన్యమృగాలమీద, పర్యాటకంమీద హక్కులు కల్పించింది. విడిది ఆ యేడే తెరిచారు; 1998లో టొర్రా కన్సర్వెన్సీ నమోదయింది. తొలి ఒప్పందం ప్రకారం బస రాబడిలో పదోవంతు ఊరిది. కొలువులు కూడా ఊరివాళ్ళకే దక్కాయి.

దీన్ని కొందరు దానమంటారు. కాదు, లాక్కున్నదానిలో కొంత తిరిగి రావడం మాత్రమే. ఎంత కొంత? మృగంమీద హక్కు వచ్చింది గాని నేలమీద రాలేదు. 2002 చట్టం ప్రకారం ఉమ్మడి భూమి ప్రజల పేరిట ప్రభుత్వం చేతిలోనే వున్నది. పైగా రాబడికి తాళంచెవి దూరదేశపు యాత్రికుడి జేబులో వున్నది. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగినప్పుడు, నమీబియా కన్సర్వెన్సీల పర్యాటక రాబడి ఎండిపోయింది.

నేను యీ విడిదిని తీసిపారెయ్యడం లేదు. నిషేధాలు చెయ్యలేని పనిని హక్కు చేసింది. అది చిన్న విషయం కాదు. కాని ఏనుగు ఎవరిదన్న ప్రశ్నకు సగం జవాబే దొరికింది. అది నడిచే నేల ఎవరిదో తేలినప్పుడు మిగతా సగం దొరుకుతుంది.