విరామాన్ని మింగేసిన తెర

కూర్చుని చేసే పని కూడా ఒళ్లు హూనం చేస్తుందన్న సంగతి కంప్యూటర్లతో బయటపడింది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1713లోనే గుమాస్తాల జబ్బుల గురించి రాశాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎడతెగకుండా ఒకే తీరున ఆడటం, తప్పు దొర్లకూడదన్న మానసిక శ్రమ - ఆయన చూపిన కారణాలు ఈ మూడే. 1908లో బ్రిటన్ తంతి ఉద్యోగుల చేతులు కొంకర్లు పోవడాన్ని పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల్లో చేర్చింది.

మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్లు కళకళలాడిన రోజుల్లోనూ వేళ్లు నొప్పి పుట్టేవి. అయితే వరుస పూర్తయితే క్యారేజీ జరపాలి, పేజీ నిండితే కాగితం మార్చాలి. ఆ కాస్త వ్యవధిలోనే చేతికి తెరిపి దొరికేది. సినిమా ఎడిటింగ్ గదుల్లోనూ అంతే. మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం దగ్గర ఫిల్ము కోయాలన్నా, అతకాలన్నా, కావలసిన ముక్క వెతకాలన్నా మనిషి కదలక తప్పేది కాదు.

కంప్యూటర్ ఈ చిన్న చిన్న విరామాలను తీసేసింది. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు నిండిపోయాయి. పక్కనే ఉన్న మధురానగర్ హాస్టళ్లు ఉద్యోగాల వేటలో వచ్చిన కుర్రకారుకు నెలవయ్యాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు సినిమా కూడా గ్రాఫిక్స్ బాట పట్టింది. 2012 నాటి ‘ఈగ’ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ పురస్కారం దక్కింది.

తెర మీద ఆ మెరుపుల వెనక రోటో పని ఉంటుంది. నటుడి అంచు వెంబడి గీత గీసి, వెనకున్న దృశ్యం నుంచి అతణ్ని వేరు చేయాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అయిదు సెకన్ల షాట్‌కు 120 ఫ్రేములు సరిచూడాలి. రిలీజ్ తేదీ ముంచుకొస్తుంటే రెప్పవేయడం తగ్గి, కన్నీటి పొర ఆరి కళ్లు మండుతాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. ముందుకు వంగిన తల బరువంతా మెడ కండరాల మీద పడుతుంది. ఒత్తిడికి భుజాలు బిగుసుకుని ఆ నొప్పి ఇంకా ముదురుతుంది.

గంటల తరబడి కూర్చునే పనితో చేటు మెడ దగ్గరే ఆగలేదు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన అధ్యయనం 2025లో వెలువడింది. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది. వారానికి 48 గంటల పరిమితిని ఉంచింది, ఆరు గంటలు దాటితే అరగంట విరామం ఇవ్వాలంది.

ఆ అరగంట చాలదు. గంటకోసారి లేచే వీలు షెడ్యూల్లోనే ఉండాలి, డెడ్‌లైన్ పెట్టేవాళ్లే దానికి పూచీ పడాలి. నడుం పట్టేసిందన్న పిల్లవాణ్ని సుకుమారుడని కొట్టిపారేయకండి. వేళ్లు తరచూ తిమ్మిరెక్కుతుంటే బామ్ రాసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.