తప్పు ఒప్పుకున్న న్యాయమూర్తి

1697 జనవరి 14న మసాచుసెట్స్ అంతటా ఉపవాస దినం పాటించారు. ఆ రోజు బోస్టన్ సౌత్ చర్చిలో శామ్యూల్ స్యూవల్ తన సంఘ కాపరి శామ్యూల్ విల్లార్డ్ చేతికి ఒక కాగితం అందించాడు. కాపరి దాన్ని పైకి చదువుతున్నంతసేపూ అందరూ చూస్తుండగా లేచి నిలబడ్డాడు. చదవడం అయ్యాక తల వంచాడు. సేలం విచారణల నింద, సిగ్గు తానే మోస్తానని, మనుషులు తనను మన్నించాలని, దేవుడు కూడా క్షమించేలా తన కోసం ప్రార్థించాలని అందులో వేడుకున్నాడు.

స్యూవల్ 1692 నాటి సేలం ప్రత్యేక కోర్టు న్యాయమూర్తుల్లో ఒకడు. మంత్రవిద్య చేశారన్న నేరం మోపి ఆ ఏడాది 14 మంది స్త్రీలను, అయిదుగురు పురుషులను ఉరి తీశారు. విచారణకు తలవంచని గైల్స్ కోరీ అనే ముసలి రైతును బరువుల కింద నొక్కి చంపారు. ఇంకొందరు చెరసాలలోనే పోయారు. ఫలానా ఆమె రూపం గాలిలో వచ్చి తనను గిచ్చిందని, గొంతు నులిమిందని ఒక పిల్ల చెబితే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది.

ఆ కోర్టులో అన్నిటికన్నా ఘోరం ఒకటుంది. సాతానుతో ఒప్పందం చేసుకున్నానని ఒప్పుకుని ఆ మాట మీదే నిలిచినవారికి ఉరి తప్పింది. చేయని పాపాన్ని ఒప్పుకోనన్నవారు ఉరికంబం ఎక్కారు. 71 ఏళ్ల రెబెకా నర్స్‌ను జ్యూరీ మొదట నిర్దోషి అంది. న్యాయమూర్తులు మళ్లీ ఆలోచించమని పంపేసరికి తీర్పు తిరగబడింది. చర్చి ఆమెను వెలివేసింది. జూలై 19న ఉరి తీశారు. పాపపు ఒప్పుకోలును ప్రాణాలు కాపాడుకునే అబద్ధంగా దిగజార్చిన కోర్టు అది. దైవభక్తిగల మనుషులే దాన్ని నడిపారు.

స్యూవల్ మనసు ఒక్కరోజులో మారలేదు. 1696 మేలో అతని భార్యకు మృతశిశువు పుట్టింది. డిసెంబరు 23న రెండేళ్ల కూతురు సారా చనిపోయింది. మర్నాడు కొడుకు మత్తయి సువార్త 12వ అధ్యాయంలో కొంత భాగాన్ని లాటిన్‌లో చదివాడు. దేవుడు కోరేది కనికరమని, అది తెలిస్తే నిర్దోషులను నేరస్థులని అనరని చెప్పే భాగం అది. అది వింటుంటే సేలం విషాదం భయంకరంగా గుర్తొచ్చిందని స్యూవల్ డైరీ చెబుతుంది.

కష్టాలన్నీ దేవుని శిక్షణే అనుకోవడం స్యూవల్ లాంటి ప్యూరిటన్ క్రైస్తవులకు అలవాటు. తండ్రి బిడ్డను దిద్దినట్టే దేవుడూ దిద్దుతాడని హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం చెబుతుంది. అయితే పసిబిడ్డ చావును తండ్రి పాపానికి లెక్క కట్టడం సువార్తకు సరిపోదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇది ఎవరి పాప ఫలమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదని యేసు చెప్పాడు కదా. స్యూవల్‌లో మెచ్చుకోవాల్సింది ఆ లెక్క కాదు. తలుపు మూసుకుని దేవుడితో మాత్రమే రాజీ పడకుండా, మనుషుల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

జ్యూరీలో 12 మంది కూడా రాతపూర్వకంగా క్షమాపణ కోరారు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ మాత్రం చివరిదాకా కోరలేదు. తన ఆరోపణలతో ఎందరినో ఉరికి పంపిన ఆన్ పట్నం 1706లో తన గ్రామ చర్చిలో నిలబడి క్షమించమంది.

బాధిత కుటుంబాలకు 1711లో 578 పౌండ్ల 12 షిల్లింగుల పరిహారం మంజూరైంది. మరుసటి ఏడాది చర్చి రెబెకా నర్స్‌పై వెలిని ఎత్తేసింది. మరణశిక్ష పడినా ఉరి తప్పిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మాత్రం దోషుల జాబితాలోనే ఉండిపోయింది. నార్త్ ఆండోవర్‌లోని 8వ తరగతి పిల్లలు, వాళ్ల టీచరు పట్టుబట్టాక 2022లో మసాచుసెట్స్ శాసనసభ ఆమెనూ నిర్దోషిగా ప్రకటించింది.