నీటిలో కెమెరా: పెద్ద జీవిని ఫోటో తీయడం ఎలా సాధ్యమైంది?

విద్యార్థులారా, పుదుచ్చేరిలో మేట్టుపాళయం అనగానే కర్మాగారాలూ, గోడౌన్లూ, లారీలూ గుర్తుకొస్తాయి. కానీ అక్కడి నుంచి సైకిలు మీద బయలుదేరినా బంగాళాఖాతం చేరుకోవచ్చు. ఆ సముద్రంలో తిరిగే జీవుల్లో తిమింగల సొరచేప ఒకటి. పది పన్నెండు మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే మీరెక్కే సిటీ బస్సంత. చేపల్లో ఇంతకన్నా పెద్దది లేదు. దాన్ని నీటిలో ఫోటో తీయడానికి ఎలాంటి కెమెరా కావాలి? ధరల పట్టిక చూసేముందు ఈ కెమెరాల చరిత్ర చూద్దాం. ఏది ఎందుకు ఎంచుకోవాలో అందులోనే తెలుస్తుంది.

1856లో ఇంగ్లండులోని వేమత్ దగ్గర విలియం థామ్సన్ ఒక కెమెరాను పెట్టెలో పెట్టి, పడవ మీది నుంచి సుమారు అయిదున్నర మీటర్ల లోతుకు దించాడు. పది నిమిషాలు ఉంచాడు. పెట్టెలోకి నీళ్ళు చేరినా మసకగా ఒక బొమ్మ మిగిలింది. నీటి అడుగున తీసిన తొలి ఫోటోగా దాన్నే చెబుతారు.

మనిషి కెమెరాతో పాటు నీటిలోకి దిగి ఫోటోలు తీయడానికి 1893 దాకా ఆగాలి. అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉంది. ఆ ఫ్రాన్సులోనే, బాన్యుల్ సముద్రతీర ప్రయోగశాలలో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రవేత్త ఈ పనికి పూనుకున్నాడు. కెమెరా పెట్టెను రూపొందించింది ఆయన సోదరుడు. సహజ కాంతిలో ఒక్కో ఫోటోకు అరగంట దాకా పట్టేది. అరగంట కదలకుండా ఉండే చేప ఎక్కడ దొరుకుతుంది? అందుకే పీపా మీద గాజు గంట అమర్చి, అందులో మెగ్నీషియం పొడి మండించి వెలుగు పుట్టించే ప్రయత్నం చేశారు. 1926లో అమెరికాలో లాంగ్లీ, మార్టిన్ నీటి అడుగున తొలి రంగుల ఫోటోలు తీసినప్పుడు తెప్ప మీద సుమారు అర కిలో మెగ్నీషియం పొడి పేల్చవలసి వచ్చింది. ఒకసారి లాంగ్లీకి ఒళ్ళు కాలింది కూడా. ఒక చిన్న చేప బొమ్మ కోసం బాంబు పేల్చినంత పని!

ఇంత వెలుగు ఎందుకు కావలసి వచ్చింది? నీరు కాంతిని మింగేస్తుంది. ఎరుపు రంగు మొదటి కొద్ది మీటర్లలోనే దాదాపు మాయమవుతుంది. పైగా సముద్రపు నీటిలో తేలియాడే కణాలు కాంతిని చెదరగొడతాయి. తిమింగల సొరచేప విషయంలో ఇంకో చిక్కు ఉంది. దాని ఆహారం ప్లవకాలు. అవి దట్టంగా ఉన్న చోటికే అది వస్తుంది, అంటే మసక నీటిలోకే. అందుచేత కెమెరాకూ చేపకూ మధ్య ఎంత తక్కువ నీరుంటే అంత మంచిది. ఈ పాఠంలో మీరు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే.

1960లో ఫ్రాన్సులో 'కాలిప్సో' అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చింది. బెల్జియంకు చెందిన జాన్ ద వూటర్స్ దాన్ని జాక్ కూస్తో కోసం రూపొందించాడు. విడిగా పెట్టె అక్కర్లేదు, కెమెరాయే నీటిని ఆపుతుంది. 1963 నుంచి నికాన్ సంస్థ దాన్నే 'నికోనోస్' పేరుతో తయారుచేసింది. అయితే దాని 35 మిల్లీమీటర్ల కటకం ముందు చదునైన గాజు ఉండేది. మీరు చదువుకున్న వక్రీభవనం ఇక్కడ పనికొస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. గాలిలో అడ్డంగా 54 డిగ్రీలు చూసే ఆ కటకం నీటిలో 40 డిగ్రీలే చూస్తుంది. 10 మీటర్ల చేప మొత్తం ఫ్రేములో పట్టాలంటే ఎంత దూరం జరగాలో మీరే లెక్క వేయండి. సుమారు 14 మీటర్లు వస్తుంది. మన తీరంలో అంత దూరం నుంచి చాలా రోజులు ఆకుపచ్చని మసక తప్ప మరేమీ కనిపించదు.

1972లో నికాన్ నీటిలో వాడటానికే లెక్కకట్టిన 15 మిల్లీమీటర్ల కటకాన్ని తెచ్చింది. అది మూల నుంచి మూలకు 94 డిగ్రీలు చూస్తుంది. అదే చేపకు ఇప్పుడు 6 మీటర్లు కూడా అక్కర్లేదు. మధ్యనున్న నీరు సగానికన్నా తగ్గింది. నా దృష్టిలో పెద్ద సముద్రజీవుల ఫోటోగ్రఫీని మార్చింది ఫ్లాష్ కాదు, ఈ కటకమే.

నికోనోస్ తయారీ 2001లో ఆగిపోయింది. నేటి డిజిటల్ కెమెరాకు నీరు చొరని పెట్టె తొడిగి, ముందు అర్ధగోళాకారపు గాజు అమరుస్తారు. గుండ్రని గాజు వల్ల కటకం చూసే కోణం తగ్గదు. వెడల్పు కటకానికి మూలలు స్పష్టంగా రావాలంటే గాజుగోళం పెద్దదిగా ఉండాలి. పెద్ద గోళం ఈదేటప్పుడు నీటిని నెడుతూ వెనక్కి లాగుతుంది. ఫిష్ఐ కటకానికి చిన్న గోళం చాలు, అంచుల్లో గీతలు వంగినా చేప ఒంటికి అదేమంత లోపంగా కనిపించదు. నన్నడిగితే ఫిష్ఐ వైపే మొగ్గుతాను. ఈ చేప తరచుగా ఉపరితలం దగ్గరే మేస్తుంది కాబట్టి ఎంతో లోతును తట్టుకునే ఖరీదైన పెట్టె తప్పనిసరి కాదు. షట్టరు వేగం 1/250 సెకను దగ్గర ఉంచండి. ఫ్లాష్ ఇంటి దగ్గరే వదిలేయండి. దాని వెలుగుకు ఎదుటి కణాలన్నీ మంచు కురిసినట్టు మెరుస్తాయి, చేప మాత్రం చీకటిగానే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో తిమింగల సొరచేపల దగ్గర ఫ్లాష్ నిషిద్ధం కూడా. ఇక పెట్టె మూతలోని రబ్బరు వలయం మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు లోపలికి వస్తుందని మరవకండి.

దగ్గరికి వెళ్ళాలన్నాను కదా, వెంటపడమని కాదు. 1956లో కూస్తో, లూయీ మాల్ కలిసి తీసిన 'నిశ్శబ్ద ప్రపంచం' చిత్రం కాన్ ఉత్సవంలో అగ్ర బహుమతి పొందింది. అందులో ఓడ పంకా తగిలి ఒక తిమింగలం పిల్ల గాయపడుతుంది. దాని రక్తానికి చేరిన సొరచేపలను ఓడ సిబ్బంది చంపుతారు. ఇవాళ ఆ దృశ్యం చూస్తే మనసు ఒప్పదు.

కెమెరా ఎదురు దిశలోనూ పనిచేసింది. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపలను నూనె కోసం, మాంసం కోసం చంపుతున్న తీరును మైక్ పాండే 2000లో డాక్యుమెంటరీగా చూపించారు. 2001లో భారత ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ రక్షణ పొందిన తొలి చేప ఇదే.

ఫోటో వల్ల మరో ఉపయోగం 2005లో తేలింది. ఈ చేప ఒంటి మీది తెల్లచుక్కల అమరిక, మన వేలిముద్రల్లాగా, ఏ చేపది దానిదే. నక్షత్రాల చిత్రాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే గణన పద్ధతిని బ్రాడ్ నార్మన్ బృందం ఈ చుక్కలకు అన్వయించింది. ఇందుకు కావలసింది మొప్పల వెనక పక్కభాగం స్పష్టంగా కనిపించే ఫోటో. మొత్తం చేప అక్కర్లేదు, తల ఎదురుగా ఈదనూ అక్కర్లేదు. పక్కన మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలకడగా ఉంటే చాలు.

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి ఒక తిమింగల సొరచేప కొట్టుకొచ్చింది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి లోతు నీటిలోకి పంపించారు. ఆ చేప ఏదో గుర్తించేందుకు దాని ఫోటోలను మాల్దీవుల పరిశోధన బృందానికి పంపారు.